పాత కూల్‌డ్రింక్ మెషీన్‌లో వింత శబ్దాలు: ముందు గ్యాస్ చూడాలా, బయటి భాగాలు చూడాలా?

క్యాంటీన్ బాధ్యుడు:
విశాఖపట్నంలోని మా హాస్టల్ వరండాలో డబ్బాల్లో కూల్‌డ్రింకులు ఇచ్చే పాత వెండింగ్ మెషీన్ ఒకటి ఉంది. దాని నేమ్‌ప్లేట్ మీద కూలింగ్ గ్యాస్ పేరు ఆర్-134ఎ అని రాసి ఉంది. కొంతకాలంగా అందులోంచి రెండు రకాల శబ్దాలు వస్తున్నాయి. కింద కంప్రెసర్ దగ్గర కొన్ని సెకన్లపాటు గట్టిగా మూలుగు వినిపించి, ‘టక్’మని ఆగిపోతుంది; రెండు మూడు నిమిషాలకు మళ్లీ అదే వరస. ఇది కాక, లోపల కూలింగ్ కాయిల్ వైపు నుంచి గరగర వస్తోంది. డబ్బాలు మాత్రం ఒక మోస్తరుగా చల్లబడుతూనే ఉన్నాయి. చూడడానికి వచ్చిన మెకానిక్ మీటరేదీ పెట్టకుండానే, గ్యాస్ తగ్గిందని, కంప్రెసర్ కూడా మార్చాలని అంచనా రాసిచ్చి వెళ్లారు. శబ్దం విని గ్యాస్ తగ్గిందని చెప్పడం సాధ్యమేనా? ముందుగా ఏది చూడాలి?

టంగ్ టెస్టర్:
ఆ అంచనాకు ఇప్పుడే ఒప్పుకోకండి. శబ్దం ఎలా ఉందన్నదాని కంటే, అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతోందన్నదే మనకు ఎక్కువ చెబుతుంది. మూలిగి టక్‌మని ఆగిందంటే, కంప్రెసర్ తిరగబోయి తిరగలేక, మామూలుగా నడిచేటప్పటి కరెంటుకు కొన్ని రెట్లు లాగిందని, ఆ వేడికి ఓవర్‌లోడ్ (కంప్రెసర్‌ను కాపాడే స్విచ్) తెగి సరఫరా ఆపేసిందని అర్థం. గ్యాస్ తగ్గిన కంప్రెసర్ స్టార్టింగ్‌లోనే ఇలా మొరాయించదు. దాని మీద భారం తక్కువ కనుక తేలిగ్గానే తిరుగుతుంది, కాకపోతే చల్లదనం చాలక ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ మూలుగుకు గ్యాస్ మందు కాదు.

ముందు చూడవలసినవి కంప్రెసర్ తిరగడం మొదలుపెట్టేందుకు తోడ్పడే స్టార్టింగ్ రిలే, కెపాసిటర్ ఉంటే అది, కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో ప్లగ్గు దగ్గర ఉండే వోల్టేజీ. ఆ తరువాత ప్లగ్గు తీసేసి, కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేసి, రిలే ఊడదీసి కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవమనండి. కామన్, రన్నింగ్ పిన్నుల మధ్య 3, కామన్, స్టార్టింగ్ పిన్నుల మధ్య 8 వచ్చాయనుకుంటే, రన్నింగ్, స్టార్టింగ్ పిన్నుల మధ్య 11 రావాలి. ఈ లెక్క కుదిరి, ఏ పిన్నుకూ బాడీతో కాంటాక్ట్ లేకపోతే, వైండింగ్ పోయిందనే మాట పక్కన పెట్టవచ్చు.

రాగి గొట్టం:
ముందు బయటి భాగాలు చూడమనడంతో నాకు పేచీ లేదు. అక్కడితో ఆగిపోతే సరిపోతుందన్న ధోరణితోనే పేచీ. వైండింగ్ లెక్క సరిగ్గా కుదిరిన కంప్రెసర్ కూడా లోపల బేరింగ్ పట్టేసి ఉండవచ్చు. అప్పుడూ ఇదే మూలుగు వస్తుంది, దాన్ని ఓమ్‌లు పట్టివ్వవు. పైగా డబ్బాలు ‘ఒక మోస్తరుగా’ చల్లబడుతున్నాయన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. గ్యాస్ తగ్గినా కరెంటు తక్కువే లాగుతుంది, కంప్రెసర్ వాల్వులు అరిగినా తక్కువే లాగుతుంది. ఈ రెండింటినీ టంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) ఎలా వేరు చేస్తుంది? గ్యాస్ ప్రెషర్ కొలిచే గేజ్ పెడితే తేలిపోతుంది. గ్యాస్ తగ్గితే సక్షన్ ప్రెషర్ (కంప్రెసర్ గ్యాస్‌ను లాగే వైపు ఒత్తిడి) బాగా పడిపోయి, ఒక్కోసారి వాక్యూమ్‌లోకి కూడా వెళుతుంది. వాల్వులు అరిగితే సక్షన్ పెరిగి, డిశ్చార్జ్ ప్రెషర్ (గ్యాస్‌ను నెట్టే వైపు ఒత్తిడి) తగ్గుతుంది. పాత మెషీన్ కోసం మెకానిక్‌ను పదే పదే పిలిపించే ఖర్చు కంటే, ఒకేసారి గేజ్ పెట్టి తేల్చుకోవడం నయం.

క్యాంటీన్ బాధ్యుడు:
మరికొన్ని వివరాలు. కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు కూడా గరగర వస్తూనే ఉంది. మెషీన్‌ను, ఇండక్షన్ స్టవ్‌ను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టాము. మా ఎలక్ట్రీషియన్ మీటరు పట్టుకుని చూస్తే, మూలిగే సమయంలో వోల్టేజీ 170 దాకా పడిపోయింది. కరెంటు క్షణం పోయి వచ్చినప్పుడల్లా మూలుగు ఎక్కువగా ఉంటోంది. కంప్రెసర్ సరిగ్గా తిరిగి ఆగిన తరువాత మాత్రం కాసేపు ‘స్స్’ అని, బుడబుడమని వినిపిస్తుంది. మెకానిక్ దీన్నే గ్యాస్ లీకని అన్నారు.

టంగ్ టెస్టర్:
ఆ ‘స్స్’, బుడబుడ లీకు కాదు. ఇలాంటి మెషీన్లలో క్యాపిలరీ అనే సన్నటి గొట్టమే ప్రెషర్‌ను తగ్గిస్తుంది. కంప్రెసర్ ఆగగానే హై సైడు నుంచి లో సైడుకు గ్యాస్ దాని గుండా పారుతూ ప్రెషర్లు సమానమవుతాయి. అందుకు మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ లోపే కరెంటు వస్తే, కంప్రెసర్ ఆ ప్రెషర్‌కు ఎదురుగా తిరగలేక మూలుగుతుంది. పాత థర్మోస్టాట్ మెషీన్లలో ఈ ఆలస్యాన్ని పాటించే ఏర్పాటేదీ ఉండదు కనుక, టైమ్ డిలే ఉన్న స్టెబిలైజర్ పెట్టడం అవసరం. అంతకన్నా ముందు మెషీన్‌కు విడిగా సాకెట్ ఇవ్వండి; 170 వోల్టులకు మంచి కంప్రెసర్ కూడా మొరాయిస్తుంది.

రాగి గొట్టం గారి బేరింగ్ వాదన సరైనదే. దానికి కూడా గ్యాస్ వదలకుండానే పరీక్ష ఉంది: సరైన వోల్టేజీ, కొత్త రిలే, సరిపడే కెపాసిటర్ పెట్టి చూస్తే, అప్పటికీ తిరగకపోతే కంప్రెసర్ పోయినట్టే. గేజ్‌తో చిక్కేమిటంటే, ఈ మెషీన్లు చాలావరకు సర్వీస్ వాల్వు లేకుండా సీల్ చేసి వస్తాయి. గొట్టానికి బిగించి పొడిచే వాల్వు పెడితే, దాని రబ్బరు వాషరే రేపటి లీకు అవుతుంది. ఇందులో గ్యాస్‌ను గ్రాముల్లో తూచి నింపుతారు కాబట్టి, గేజ్ పైపులో పోయే కాస్త గ్యాస్ కూడా లెక్కలోకి వస్తుంది. దానికంటే ముందు, కాయిల్ మీది మంచు కరిగించి, లోపలి ప్యానెల్ తీసి, అరగంట నడిపి కాయిల్‌ను కళ్లతో చూడండి. మంచు పల్చగా కాయిల్ అంతటా సమానంగా పడితే గ్యాస్ సరిపోయినట్టు. మొదటి రెండు మూడు మలుపుల దగ్గరే పేరుకుని మిగతాది పొడిగా ఉంటే, అప్పుడు గ్యాస్ తగ్గిందనో, క్యాపిలరీ మూసుకుపోయిందనో అనుమానించాలి.

ఉప్పుగాలి:
గరగర గురించి నేను చెబుతాను. కంప్రెసర్ ఆగినా వస్తోందంటే, అది లోపల కూలింగ్ కాయిల్ దగ్గరి ఫ్యాన్‌దే. సముద్రపు తేమ మీద ఉన్న ఊళ్లలో తలుపు అంచున ఉండే రబ్బరు గాస్కెట్ సడలితే చెమ్మ లోపలికి చేరి కాయిల్ మీద మంచు గడ్డలా పెరుగుతుంది, ఫ్యాన్ రెక్క ఆ మంచుకు తగులుతుంది. తలుపులో ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడండి. పట్టు లేకుండా జారి వస్తే, అక్కడ గాస్కెట్ పోయినట్టే. మెషీన్ ఆపి, తలుపు తెరిచి, మంచు పూర్తిగా కరిగేదాకా రాత్రంతా ఉంచండి. ఆ తరువాత నడిపినప్పుడు గరగర పోయి, మంచు మళ్లీ పేరుకున్నాక తిరిగి వస్తే, అసలు కారణం గాస్కెట్. మంచు లేకపోయినా వస్తే, ఫ్యాన్ మోటారు ఇరుసును పట్టే బుష్ అరిగింది. ఏ కారణానికైనా స్క్రూడ్రైవరుతో మంచు పొడవకండి. కాయిల్‌కు చిల్లు పడితే, ఇన్నాళ్లూ లేని గ్యాస్ లీకు మీరే తెచ్చుకున్నట్టవుతుంది. వేడిని బయటికి వదిలే కింది కండెన్సర్‌కు కూడా దుమ్ము పట్టి ఉంటుంది, అది దులిపించండి. మెషీన్ వీపు గోడకు ఆనుకుని ఉంటే, గాలి ఆడేలా నాలుగైదు అంగుళాలు ముందుకు జరపండి.

రాగి గొట్టం:
మంచు చూసి తేల్చడం మంచి పద్ధతే, ఆ మేరకు నేను వెనక్కి తగ్గుతాను. కానీ కాయిల్ సగమే మంచు పడితే మాత్రం గేజ్ తప్పదన్న మాట మీదే ఉన్నాను. అప్పుడు మెకానిక్‌ను అడగవలసిన ప్రశ్న ‘గ్యాస్ ఎంత?’ కాదు, ‘ఎక్కడికి పోయింది?’. సీల్ చేసిన సిస్టమ్‌లో గ్యాస్ ఖర్చయిపోదు. లీకు పట్టకుండా నింపితే ఆరు నెలల్లో మళ్లీ అదే బిల్లు. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బునురగతో లీకు వెతికించండి, తేమను, చెత్తను పట్టే ఫిల్టర్ డ్రయర్ మార్పించండి, వాక్యూమ్ లాగించండి, నేమ్‌ప్లేట్‌లో ఉన్నన్ని గ్రాములు తూచి నింపించండి. ఎన్ని గ్రాములు పట్టిందో బిల్లులో రాయించుకోండి.

ఒక మాట ఇక్కడ చదువుతున్న ఇతరులకు: నేమ్‌ప్లేట్ మీద ఆర్-12 అని ఉన్న మెషీన్లకు ఈ వరస యథాతథంగా వర్తించదు. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలో ఆ గ్యాస్ తయారీ 2010 నాటికి ఆగిపోయింది. ఆ మెషీన్ల కంప్రెసర్‌లోని మినరల్ ఆయిల్ ఆర్-134ఎతో కలవదు కాబట్టి, ఆయిల్ మార్చకుండా కొత్త గ్యాస్ నింపుతానంటే ఒప్పుకోకండి.