"ఇఫ్ ఐ వుడ్ హేవ్ నోన్" అని రాస్తే తప్పా? మార్కులు కొట్టీడం న్యాయమేనా?

గుణుపురం కుర్రోడు: మా అన్న కూతురు ట్యూషన్ పరీక్షలో "ఇఫ్ ఐ వుడ్ హేవ్ నోన్, ఐ వుడ్ హేవ్ కమ్" అని రాస్తే సారు ఎర్రగీత కొట్టి సున్నా పెట్టీసేరు. అమెరికావోళ్ళు మాటల్లో అలాగే అంటారు కదా, మరి తప్పెలాగవుతాది?

పర్లాకిమిడి మాస్టారు: తప్పే. ఇఫ్ ఉన్న వైపు హేడ్ నోన్, రెండో వైపు వుడ్ హేవ్ కమ్. మాటల్లో ఎవడేమన్నా రాతకి రూలుంది. పిల్లలు "ఐ హేవ్ సీన్ హిమ్ ఎస్టర్డే" అని కూడా రాస్తన్నారు, నిన్న అని చెప్పీసేక మళ్ళీ హేవ్ ఎందుకు?

బరంపురం రాధ: నేను ఆన్‌లైన్లో స్పానిష్ నేర్చుకుంటున్నా, అక్కడా ఇదే తగువు. షరతు వైపు ఉబియేరా (మన హేడ్ లాంటిది), ఫలితం వైపు అబ్రియా (వుడ్ హేవ్ లాంటిది) పెట్టాలి, "సి లో ఉబియేరా సబీదో, అబ్రియా బెనీదో" అని, అంటే తెలిసుంటే వచ్చీదాన్ని అని. కానీ రెండు వైపులా ఉబియేరా పెట్టీసినా స్పానిష్‌కి రూల్సు చెప్పే రాయల్ స్పానిష్ అకాడమీ ఊరుకుంటుంది. అదే రెండు వైపులా అబ్రియా పెడితే ఒప్పుకోదు, ఉత్తర స్పెయిన్లో బాస్క్ ప్రాంతం, బుర్గోస్ వైపు జనం మాత్రం అలాగే మాటాడతారు. ఇక హేవ్ సంగతంటారా, పొద్దున్న తిన్నదానికి మాడ్రిడ్ వాళ్ళు హేవ్ పెట్టినట్టు ఎ కొమీదో అంటారు, మెక్సికో వాళ్ళు హేవ్ లేకుండా కొమీ అంటారు. తప్పెవరిది మాస్టారూ?

పర్లాకిమిడి మాస్టారు: మనది ఇంగ్లీష్ పేపరమ్మా, మెక్సికో ఎందుకు. అయినా అకాడమీ ఒప్పుకోదని మీరే అన్నారు.

రాయగడ రైలు: 😂 మాస్టారికి ఒక పాయింటు

గుణుపురం కుర్రోడు: ఇంగ్లీషుకి అకాడమీయే లేదు కదా సార్

పర్లాకిమిడి మాస్టారు: బోర్డుంది. మార్కులు అదే ఇస్తాది.

గుణుపురం కుర్రోడు: మీ ఊళ్ళోనే కదండీ గిడుగు రామమూర్తి పంతులు గారు మాస్టారుగా చేసి, గ్రాంథికం కాదు, జనం మాటాడే తెలుగే రాయాలని పోరాడింది. ఆ ఊళ్ళో కూర్చుని మీరు ఎర్రపెన్ను పడతన్నారా?

పర్లాకిమిడి మాస్టారు: ఆయన పేరు నా మీదకి తేకండి. ఆయనా వ్యాకరణం రాసినాయనే, సవర భాషకి 1931లో. వాడుక భాష అన్నారు గానీ ఏది రాసినా మార్కులెయ్యమన్లేదు. ఊరికే పెద్దోళ్ళ పేర్లు పట్టుకొచ్చి మాటాడ్డం కాదు, రోజూ అరవై పేపర్లు దిద్ది చూడండి.

బరంపురం రాధ: మీరు కోప్పడినా చెప్తాను. ఓ ఇంటర్వ్యూలో "ఐ హేవ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2016" అన్నానని ఇద్దరు మొహాలు చూసుకున్నారు. సరే అని తెలుగులో చెప్పబోతే, "బస్సు దిగి తిన్నగా ఇటే వచ్చీసేనండి" అన్న ఒక్క ముక్కకి పకపకా నవ్వేరు, ఏ ఊరమ్మా అని. ఇక్కడ ఒడిశాలోనేమో మనం తెలుగోళ్ళం, అటు ఆంధ్రా వైపెళ్తే ఒడియావోళ్ళం. ఏ భాషలో నోరిప్పినా మనదే తప్పు. ఆ సున్నా చూస్తే నాకు ఆ నవ్వే గుర్తొస్తాది, హేడ్ నోనూ కాదు, వుడ్ హేవూ కాదు.

పర్లాకిమిడి మాస్టారు: అందుకేనమ్మా దిద్దుతున్నాను. మా పిల్లల్ని చూసి ఎవడూ అలా నవ్వకూడదనే.

బరంపురం రాధ: నవ్వినోణ్ణి దిద్దండి మరి.

పర్లాకిమిడి మాస్టారు: వాడు నా క్లాసులో లేడు కదమ్మా.

రాయగడ రైలు: అన్నట్టు ఆ ఎస్టర్డే సంగతి ఇంకా తేలలేదండోయ్