‘ధర్మసంకటం’లో ధర్మం అంటే ఏమిటి?

2015లో హైదరాబాదులో ఒక హిందీ మిత్రుడితో కలిసి ‘ధరమ్ సంకట్ మే’ సినిమాకు వెళ్లాను. అహ్మదాబాదులో హిందువుగా పెరిగిన ఒక పెద్దమనిషి, తాను ముస్లిం ఇంట పుట్టి దత్తత వచ్చినట్టు తెలుసుకుంటాడు. 2010 నాటి బ్రిటిష్ హాస్యచిత్రం ‘ది ఇన్ఫిడెల్’ దీనికి మూలం. అందులో ముస్లిం కథానాయకుడికి తాను యూదుల బిడ్డనని తెలుస్తుంది. పరేశ్ రావల్, అన్నూ కపూర్ కలిసిన ప్రతిచోటా కడుపుబ్బ నవ్వాను.

పేరులోని చమత్కారం మాత్రం మిత్రుడికి వెంటనే అందింది, నాకు కాస్త ఆలస్యంగా అందింది. హిందీ దరఖాస్తులో ‘ధర్మ్’ అని ఉన్నచోట మన దరఖాస్తులో ‘మతం’ అని ఉంటుంది. వాళ్లకు ‘మత్’ అంటే అభిప్రాయం, ఓటు. అందుకే మతదానం, మతగణన. మనకు ధర్మం అంటే న్యాయం, కర్తవ్యం, స్వభావం, చివరికి భిక్ష కూడా. ‘ధర్మం చెయ్యండి బాబూ’ అన్న కేకలోనూ, ధర్మాసుపత్రిలోనూ మతం ఊసే లేదు.

ఇక సంకటం. సంస్కృతంలో దీనికి మొదటి అర్థం ఇరుకు. మన ‘ఇరకాటం’ కూడా ఇరుకులోంచే వచ్చింది. ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అన్నప్పుడు బాధ అనే అర్థం పైకి వచ్చింది. నా మట్టుకు, ధర్మసంకటం అంటే రెండు ధర్మాల మధ్య ఇరుక్కోవడం. ఏ వైపు వెళ్లినా ఒక ధర్మం తప్పాలి. పత్రికలు ప్రతి చిన్న చిక్కుకూ ఈ మాట వాడుతుంటే మనసు చివుక్కుమంటుంది. వాటికి ఇబ్బంది, చిక్కు, ఇరకాటం ఉన్నాయి కదా! మీరేమంటారు?

జవాబు: చక్కటి విషయం ఎత్తారు. అయితే ‘మతం’ మనకూ మొదట అభిప్రాయమే. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు ‘యే మే మతమిదం’ అన్నది తన అభిప్రాయం గురించే. సమ్మతం, అభిమతం, ఏకాభిప్రాయానికి ఏకమతం అనడం, అన్నీ ఆ కోవలోవే. ‘సుమతీ’ అన్న పిలుపులోని మతిదీ అదే ధాతువు. మా బళ్లారిలో కన్నడ పత్రికలు ఓటింగుకు ‘మతదాన’ అని, మతమార్పిడికి ‘మతాంతర’ అని ఒకే పుటలో వేస్తాయి. ఎవరూ తికమకపడరు.

మళ్లీ నేను: ‘సమ్మతం’ నాకు తట్టనే లేదు, ధన్యవాదాలు. మీ జవాబు చదివాక సినిమా మళ్లీ గుర్తుకొచ్చింది. చావుబతుకుల్లో ఉన్న కన్నతండ్రిని చూడాలి. నిజం బయటపడితే కొడుకు పెళ్లి ఆగిపోతుంది. కొడుకుగా ఒక ధర్మం, తండ్రిగా ఇంకొకటి. హిందీ అర్థంతో పెట్టిన ఆ పేరు మన తెలుగు అర్థంలోనూ ఆ కథకు అతికినట్టు సరిపోయింది.