పెన్‌డ్రైవ్‌కి కాపీ అయిపోయిందంటుంది, ఎజెక్ట్ నొక్కితే కదలదు. లోపల ఏం జరుగుతోంది?

నీలిగీత:
లినక్స్ మెషీన్, 32 జీబీ ర్యామ్. 8 జీబీ వీడియో ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బార్ సగం దాకా ఒక్క ఊపున వెళ్తుంది, ఆ తర్వాత నత్తనడక. ఎలాగో 100% అయ్యాక ఎజెక్ట్ నొక్కితే ఇంకో ఏడెనిమిది నిమిషాలు అక్కడే తిరుగుతూ ఉంటుంది. పెన్‌డ్రైవ్ పోయే దశలో ఉందా, లేక ఇది మామూలేనా? మీలో ఎవరికైనా ఇలా అయిందా?

కెర్నెల్_పక్షి:
పెన్‌డ్రైవ్‌కి ఏమీ కాలేదండి. ప్రోగ్రామ్ "రాయి" అనగానే కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) ఆ డేటాని ర్యామ్‌లోని పేజ్ క్యాష్‌లో పెట్టుకుని "సరే, అయింది" అనేస్తుంది. క్యాష్‌లోని చిన్న ముక్కలే పేజీలు, డిస్క్‌కి ఇంకా చేరనివాటిని డర్టీ పేజీలు అంటారు. వాటిని తీరిగ్గా డిస్క్‌కి చేర్చే పని ఫ్లషర్ థ్రెడ్‌లది. బార్ చూపించేది క్యాష్‌లోకి ఎంత వెళ్లిందన్నదే తప్ప పెన్‌డ్రైవ్‌లోకి ఎంత చేరిందని కాదు.

ఇంకో టెర్మినల్ తెరిచి ప్రాక్ కింద ఉన్న మెమ్‌ఇన్ఫో ఫైల్‌లో డర్టీ, రైట్‌బ్యాక్ (ఇప్పుడు డిస్క్‌కి రాస్తున్నది) అనే రెండు లైన్లు ప్రతి సెకనూ చూస్తూ మళ్లీ కాపీ చేయండి. ఏం కనిపించిందో చెప్పండి.

నీలిగీత:
చూశాను. డర్టీ చకచకా 4 జీబీ దాటేసి అక్కడక్కడే ఊగింది. రైట్‌బ్యాక్ మాత్రం చిన్న అంకెల్లోనే ఉంది. బార్ నిండాక డర్టీ మెల్లగా దిగడం మొదలైంది, అది సున్నాకి దగ్గరయ్యాకే ఎజెక్ట్ పూర్తయింది. కానీ సరిగ్గా 4 దగ్గరే ఎందుకు ఆగినట్టు?

రాత్రి_షిఫ్ట్:
డీఫాల్ట్ అంకెలు చూస్తే అర్థమైపోతుంది. డర్టీ బ్యాక్‌గ్రౌండ్ రేషియో 10, డర్టీ రేషియో 20. పది శాతం దాటితే ఫ్లషర్ వెనకాల రాయడం మొదలుపెడుతుంది. ఈ రెండింటి మధ్యకు, అంటే పదిహేను శాతం దగ్గరకు వచ్చేసరికి, కెర్నెల్ రాస్తున్న ప్రోగ్రామ్‌నే కొద్దికొద్దిగా నిద్రపుచ్చి దాని వేగాన్ని తగ్గిస్తుంది. ఇరవై దాకా ఆగుతుందని చాలామంది అనుకుంటారు, కాదు. పైగా ఈ శాతాలు మొత్తం ర్యామ్ మీద కాదు, ఖాళీగా ఉన్నదీ ఫైల్ క్యాష్‌లో ఉన్నదీ కలిపిన దాని మీద. మీకు 28 జీబీ అలా ఉంటే పదిహేను శాతం అంటే నాలుగు పైచిలుకు. లెక్క సరిపోయింది కదా.

పరిమితి దాటకపోయినా ఫ్లషర్ 5 సెకన్లకోసారి లేచి, 30 సెకన్లు దాటిన పేజీలను రాసేస్తుంది.

మందు: శాతాలు వదిలేసి బైట్స్ సెట్టింగ్ వాడండి. బ్యాక్‌గ్రౌండ్‌కి 64 ఎంబీ, పై పరిమితికి 256 ఎంబీ ఇచ్చాను నా ల్యాప్‌టాప్‌లో. బైట్స్ పెడితే రేషియో దానంతటదే సున్నా అవుతుంది, కంగారు పడకండి.

సెమికోలన్:
ఈ మందు అందరికీ పడదు. ఇది మెషీన్ మొత్తానికీ వర్తిస్తుంది, పెన్‌డ్రైవ్ కోసం ఎస్‌ఎస్‌డీ చేతులు కూడా కట్టేసినట్టు. పెద్ద ప్రాజెక్ట్ కంపైల్ చేసేటప్పుడు తాత్కాలిక ఫైళ్లు పుట్టి, 30 సెకన్లలోపే డిలీట్ అయితే అవి డిస్క్ మొహం కూడా చూడవు. పరిమితి మరీ కుదిస్తే ఆ లాభం పోతుంది. కెర్నెల్ 6.2 నుంచి ఒక్కో పరికరానికి విడిగా మ్యాక్స్ బైట్స్, స్ట్రిక్ట్ లిమిట్ పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవ్ గుచ్చగానే పెట్టేలా యూడెవ్ రూల్ ఒకటి రాసుకుంటే ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు.

పాత_మదర్‌బోర్డ్:
మీరంతా అదృష్టవంతులు. కెర్నెల్ 2.6.32కి ముందు పీడీఫ్లష్ అని ఉండేది, ఆ కొద్దిపాటి థ్రెడ్‌లే అన్ని డిస్క్‌లకీ. ఆ తర్వాతే పరికరానికో ఫ్లషర్ వచ్చింది.

డీబీ_కాపలా:
ఎజెక్ట్ ఆలస్యం చిరాకే కానీ ప్రమాదం కాదు. అసలు టెన్షన్ ఎక్కడంటే, ఫ్లషర్ రాయబోయినప్పుడు డిస్క్ ఎర్రర్ ఇస్తే? రైట్ కాల్ (ప్రోగ్రామ్ "రాయి" అని అడిగే పిలుపు) ఎప్పుడో "సరే" అనేసింది, ఎర్రర్ ఎవరికి చెప్పాలి? తర్వాత ఎఫ్‌సింక్ (ఈ ఫైల్‌ని డిస్క్‌కి చేర్చేదాకా ఆగు అనే కాల్) పిలిచినవాళ్లకి చెబుతుంది. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ల చర్చలో బయటపడింది ఇదే: ఎఫ్‌సింక్ ఒకసారి ఫెయిలయ్యాక మళ్లీ పిలిస్తే సక్సెస్ అంటుంది, ఎందుకంటే రాయలేకపోయిన పేజీల మీద డర్టీ గుర్తు అప్పటికే పోయింది. డేటా డిస్క్‌లో లేదు, ఎర్రరూ లేదు! 4.13 కెర్నెల్‌లో ఎర్రర్ చేరవేసే పద్ధతి మెరుగుపడింది కానీ "మళ్లీ ప్రయత్నిద్దాం" అన్న ఆశ మాత్రం పనికిరాదు. అందుకే ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ ఫెయిలైతే కావాలనే క్రాష్ అయి, మార్పులన్నీ రాసుకునే తన లాగ్ నుంచి డేటాని తిరిగి కట్టుకుంటుంది.

మా దగ్గర ఒక వర్చువల్ డిస్క్ వెనకున్న స్టోరేజ్ నిండిపోయినప్పుడు ఇలాగే అయింది. అప్లికేషన్ లాగ్ అంతా పచ్చగా ఉంది, కెర్నెల్ లాగ్‌లో మాత్రం "లాస్ట్ అసింక్ పేజ్ రైట్" అని వరసగా లైన్లు. అనుమానం వస్తే ముందు డీమెసేజ్ (కెర్నెల్ లాగ్ చూపించే కమాండ్) చూడండి.

సెమికోలన్:
కోడ్ రాసేవాళ్లకి ఇంకో మాట. కాన్ఫిగ్ ఫైల్ సేవ్ చేయాలంటే కొత్త ఫైల్‌లో రాసి, దాన్ని ఎఫ్‌సింక్ చేసి, పాత పేరు మీదకి రీనేమ్ చేసి, ఆ డైరెక్టరీని కూడా ఎఫ్‌సింక్ చేయాలి. 2009లో ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్‌సిస్టమ్ కొత్తల్లో, కరెంటు పోతే ఫైళ్లు సున్నా బైట్లతో మిగిలిపోతున్నాయని గోల గోల అయింది. ఫైల్‌సిస్టమ్‌లో ఒక సర్దుబాటు చేశారు కానీ దాని మీద భారం వేసి కూర్చోవడం నాకు నచ్చదు.

రాత్రి_షిఫ్ట్:
ఎఫ్‌సింక్ దాటినా ఇంకో మెట్టు ఉంది, డిస్క్ సొంత క్యాష్. లినక్స్‌లో ఎఫ్‌సింక్ మామూలు ఫైల్‌సిస్టమ్‌లలో డిస్క్‌కి కూడా ఫ్లష్ కమాండ్ పంపుతుంది. మ్యాక్‌ఓఎస్‌లో మాత్రం ఎఫ్‌సింక్ డ్రైవ్ దాకా ఇచ్చి ఊరుకుంటుంది, దాని క్యాష్ కూడా ఖాళీ కావాలంటే ఎఫ్_ఫుల్‌ఎఫ్‌సింక్ అడగాలి. సర్వర్ ఎస్‌ఎస్‌డీల్లో కెపాసిటర్లు పెట్టేది ఇందుకే, కరెంటు పోయినా క్యాష్‌లో మిగిలింది రాసుకోగలుగుతాయి.

నీలిగీత:
256 ఎంబీ పెట్టి చూశాను. బార్ మొదటి నుంచీ నిదానంగానే నడిచింది, ఎజెక్ట్ కొద్ది సెకన్లలో అయిపోయింది. మొత్తం టైం మాత్రం ఏమీ తగ్గలేదు. ఇంకొక్క డౌట్: సింక్ కమాండ్ కొట్టి, అది తిరిగొచ్చాక ఎజెక్ట్ లేకుండానే లాగేయొచ్చా?

కెర్నెల్_పక్షి:
టైం తగ్గదండి, పెన్‌డ్రైవ్ వేగం పెన్‌డ్రైవ్‌దే. సింక్ విషయానికొస్తే, లినక్స్‌లో అది రాయడం పూర్తయ్యేదాకా ఆగుతుంది, కానీ పిలిచే సమయానికి ఉన్న డేటాకే దాని హామీ. మౌంట్ అయి ఉన్నంతసేపు ఏ ప్రోగ్రామైనా మళ్లీ ఏదో ఒకటి రాయొచ్చు. అన్‌మౌంట్ చేశాకే తీయండి.