పొగబెట్టిన నిప్పుకోడి మాంసం: మళ్లీ వండాలా, అలాగే తినొచ్చా? బీపీ ఉన్నవాళ్లకు పెట్టొచ్చా?

సాయంకాలం_వంట
మా తమ్ముడు పొగబెట్టిన నిప్పుకోడి ఫిల్లెట్ (ఎముక లేని కండ) తెచ్చాడు. వాక్యూమ్ ప్యాక్, అరకిలో పైనే ఉంటుంది. నాన్నకు బీపీ ఉంది, ఈమధ్య రక్తపరీక్షలో ఐరన్ కూడా తక్కువ వచ్చింది. ఇందులో ఐరన్ ఎక్కువ, కొవ్వు తక్కువ, నాన్నకు పెట్టమని తమ్ముడు ఒకటే పోరు. దీన్ని మళ్లీ వండాలా, లేక కోసుకుని తినేయడమేనా? కూర చేస్తే గట్టిపడుతుందా? ప్యాకెట్ విప్పాక ఎన్నాళ్లు నిలవ ఉంటుంది? నాన్నకు ఎంత పెట్టొచ్చు? ఒక మూల కోసి చూస్తే లోపలంతా గులాబీ రంగులో ఉంది, అదొక టెన్షన్.

జిమ్_బాబాయ్
నిశ్చింతగా పెట్టమ్మా. పచ్చి నిప్పుకోడి మాంసంలో 100 గ్రాములకు 21, 22 గ్రాముల ప్రోటీన్, కొవ్వు రెండు మూడు గ్రాములే. పొగబెట్టినదాని లేబుల్ చూడు, ప్రోటీన్ 30 దాకా ఉంటుంది. పొగబెడితే ఇంకా పెరుగుతుందన్నమాట. బీ12 కూడా దండిగా ఉంటుంది. కొలెస్ట్రాల్ దాదాపు ఉండదు. నేను బీఫ్, మటన్ రెండూ మానేసి దీనికే మారిపోయాను, ఒంట్లో తేడా నాకే తెలుస్తోంది.

లేబుల్_చదువరి
బాబాయ్ గారూ, పొగ వల్ల ప్రోటీన్ పెరగదు, నీళ్లు తగ్గుతాయి. కిలో మాంసం ముప్పావు కిలో అయినప్పుడు అదే ప్రోటీన్ తక్కువ బరువులో సర్దుకుంటుంది, అంకె పెద్దదిగా కనిపిస్తుంది. ఉప్పు అంకె కూడా అలాగే పెరుగుతుంది, దాని సంగతి ఎవరూ ఎత్తరు. ఇక కొలెస్ట్రాల్ దాదాపు ఉండదన్న మాట పూర్తిగా తప్పు. 100 గ్రాములకు సుమారు 60 మిల్లీగ్రాములు ఉంటుంది, చికెన్‌కూ బీఫ్‌కూ దాదాపు సమానం. కొలెస్ట్రాల్ కణాల పొరల్లో ఉంటుంది. కొవ్వు తీసేసినంత మాత్రాన అది పోదు.

వేడివేడిగా
మీ అంకెల గొడవ సరే, లోపల గులాబీ రంగు ఉందని ఆ అమ్మాయి చెబుతుంటే ఎవరూ పట్టించుకోరేం? అది పక్షి. పక్షి మాంసం లోపల 74 డిగ్రీలు చేరేదాకా ఉడకాల్సిందే. ముక్కలు చేసి పెనం మీద గోధుమరంగు వచ్చేదాకా వేయించండి, ఆ తర్వాతే పెద్దాయనకు పెట్టండి.

పొగపొయ్యి
ఆ పని మాత్రం చేయకండి. మాంసం ఊరబెట్టి పొగబెట్టే యూనిట్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాణ్ని, పొగగదిలోంచి బయటికొచ్చిన ఫిల్లెట్‌ను తాకి చెప్పగలను అది ఏ స్థితిలో ఉందో. ఊరబెట్టేటప్పుడు వాడే ఉప్పులో నైట్రైట్ అనే, మాంసం చెడకుండా కాపాడే లవణం ఉంటుంది. అది మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌తో కలుస్తుంది, వేడి తగిలాక గులాబీ రంగు స్థిరపడిపోతుంది. తర్వాత ఎంత వేయించినా లోపలి రంగు పోదు, మాంసం మాత్రం పీచుపీచయిపోతుంది. అసలే కొవ్వు లేని కండ, రెండోసారి మంట తగిలితే ఉన్న కాస్త తేమా పోతుంది.

పక్షి కాబట్టి కోడిలాగే అనుకోవడం కూడా సరికాదు. నిప్పుకోడికి ఎగిరే కండరం లేదు, రొమ్ముమాంసం ఉండదు. తినేదంతా తొడ, కాలు, నడుము దగ్గరి మాంసమే. అందుకే అంత ఎరుపు.

వేడివేడిగా
ఎరుపైతే బర్డ్ ఫ్లూ రాదా? 2011లో దక్షిణాఫ్రికాలో ఊడ్ట్‌షూర్న్ వైపు నిప్పుకోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్2 రకం బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు యూరప్ అక్కడి పచ్చి మాంసం తీసుకోవడం ఆపేసింది. ఎరుపైనా అది పక్షే, పక్షి జబ్బులు దానికీ వస్తాయి. మీరు యూనిట్లో పనిచేస్తే చేయండి, పెద్దవాళ్ల ఆరోగ్యంతో ప్రయోగాలు వద్దు.

పొగపొయ్యి
మీరు చెప్పిన సంగతే నా మాటకు బలం. పచ్చిది ఆపేశాక అదే దక్షిణాఫ్రికా నుంచి లోపల 70 డిగ్రీలు తగిలేలా వేడిచేసిన మాంసం యూరప్‌కు వెళ్లింది. ఆ వేడికి వైరస్ బతకదు. వేడిపొగ పెట్టిన ఫిల్లెట్ లోపల మేము తీసుకొచ్చే వేడి కూడా ఆ దరిదాపుల్లోనే. రంగు చూసి భయపెట్టకండి.

వేడివేడిగా
మీ యూనిట్లో తీసుకొస్తారు. ఆమె దగ్గరున్న ప్యాకెట్ మీ యూనిట్‌ది కాదు కదా! అది చలిపొగ పెట్టినదైతే? చలిపొగ గది 30 డిగ్రీలు కూడా దాటదు, అంటే లోపల పచ్చి మాంసమే. అనుభవం ఉందని చూడని ప్యాకెట్‌కు సర్టిఫికెట్ ఇచ్చేస్తారా?

పొగపొయ్యి
సర్టిఫికెట్ నేనివ్వలేదు. రంగుతో తేల్చొద్దన్నాను, అంతే. తేల్చే పద్ధతి చెబుతాను వినండి. ముందు లేబుల్ మీద వేడిపొగా, చలిపొగా, వండకుండా తినొచ్చని రాశారా అన్నది చూడాలి. తర్వాత కోసిన చోట వేలితో నొక్కాలి. వేడిపొగ ఫిల్లెట్ గట్టిగా, కొంచెం పొడిగా ఉంటుంది, పీచు స్పష్టంగా విడివిడిగా కనిపిస్తుంది. చలిపొగదైతే వేలికి మెత్తగా జారుతుంది, పల్చటి ముక్క కోసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కాంతి లోపలినుంచి వస్తుంది.

ఇంకో సంగతి. ఈ మాంసానికి పీహెచ్ ఎక్కువ, అంటే ఆమ్లగుణం తక్కువ, తరచుగా 6 దరిదాపుల్లో ఉంటుంది. బీఫ్ మామూలుగా 5.5 దగ్గర ఆగుతుంది. పీహెచ్ ఎక్కువున్న మాంసం ఉడికినా ఎరుపు త్వరగా వదలదు, నైట్రైట్ లేకున్నా అంతే. కాబట్టి తాజా నిప్పుకోడి వండేవాళ్లు కూడా రంగును నమ్మకూడదు, థర్మామీటర్ గుచ్చి చూసుకోవాలి.

వేడివేడిగా
థర్మామీటర్ ఎన్ని ఇళ్లల్లో ఉంటుందండీ? లేనివాళ్లకు బాగా వేయించమని చెప్పడమే క్షేమం. చెప్పాల్సింది చెప్పాను.

మితాహారి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నిప్పుకోడి సాసేజ్ కొనేవాళ్లు పదార్థాల జాబితా తప్పకుండా చదవండి. ఈ మాంసంలో కొవ్వు లేదు కాబట్టి సాసేజ్ పొడిబారకుండా పంది కొవ్వో బీఫ్ కొవ్వో కలుపుతుంటారు. ప్యాకెట్ ముందువైపు నిప్పుకోడి బొమ్మ, వెనక చిన్న అక్షరాల్లో పంది కొవ్వు. మాకు అది నిషిద్ధం. ఇంటికొచ్చిన బంధువుల ముందు మా అమ్మ ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయాల్సి వచ్చింది. ముందువైపే పెద్దగా రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?

జిమ్_బాబాయ్
సాసేజ్ గురించి ఎవరు అడిగారు? ఫిల్లెట్ గురించి కదా. లేబుల్_చదువరి గారూ, కొలెస్ట్రాల్ సమానమే అనుకుందాం, సంతృప్త కొవ్వు తక్కువా కాదా? గుండెకు అదే కదా ముఖ్యం.

లేబుల్_చదువరి
తక్కువే, అది ఒప్పుకుంటాను. కానీ మీరు తాజా మాంసం సుగుణాలన్నీ తెచ్చి పొగబెట్టినదానికి అంటగడుతున్నారు. పొగబెట్టి, నైట్రైట్ పెట్టాక అది ప్రాసెస్డ్ మాంసం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2015లో ప్రాసెస్డ్ మాంసాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో, ఒకటో గ్రూపులో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని లెక్క. నిప్పుకోడిదైతే మినహాయింపు అని ఎక్కడా లేదు.

జిమ్_బాబాయ్
ఇక మొదలు! ఏది తిన్నా క్యాన్సరే అంటే మనిషి గాలి పీల్చి బతకాలా? రోజూ తినమని నేనెక్కడ అన్నాను?

లేబుల్_చదువరి
"దీనికే మారిపోయాను" అన్నది మీరే. పైకి వెళ్లి చదువుకోండి.

తెల్లకోటు
ఇద్దరూ కాస్త ఆగండి. సాయంకాలం_వంట గారూ, మాంసం సంగతి తర్వాత. వయసు మళ్లిన మగవారిలో ఐరన్ తగ్గితే తిండి లోపం అని వెంటనే అనుకోకూడదు. కడుపులోనో పేగుల్లోనో కొద్దికొద్దిగా రక్తం పోతోందేమో ముందు చూడాలి. నాన్నగారి డాక్టర్‌ను ఆ ప్రశ్న సూటిగా అడగండి.

చిన్నమ్మి_వంటలు
నాకూ ఒక సందేహం. మా అక్కకు ఐదో నెల. చలిపొగ మాంసం పార్టీలో పెడితే రెండు ముక్కలు తినేసింది. ఏమైనా అవుతుందా?

తెల్లకోటు
రెండు ముక్కలతో కంగారు పడాల్సిన పని లేదు, కానీ తర్వాతి వారాల్లో జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే డాక్టర్‌కు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి. ఇలాంటి మాంసంలో ఉండే అవకాశమున్న లిస్టీరియా అనే క్రిమి ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. గర్భిణులు ఇకమీదట ఇలాంటివి పొగలు కక్కేలా వేడిచేసుకునే తినాలి.

వేడివేడిగా
చూశారా! వేడి చేయమనేగా నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది!

పొగపొయ్యి
గర్భిణికి చెప్పింది అందరికీ చెప్పినట్టు కాదు. ప్రతి మాటా మీ ఖాతాలో వేసుకోకండి.

ఇంటిపొగ
ఇంట్లోనే పొగబెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ కట్టె మంచిది? నైట్రైట్ లేకుండా మామూలు ఉప్పుతో చేస్తే ఆరోగ్యానికి మంచిదే కదా?

పొగపొయ్యి
కట్టె గట్టిదై ఉండాలి, ఓక్, బీచ్, పండ్ల చెట్లు. పైన్ లాంటి జిగురు కట్టె వద్దు, మసి పట్టి చేదెక్కుతుంది. రంగు వేసిన చెక్కను దగ్గరికి రానీయకండి. కట్టె భగ్గున మండకుండా రాజుకుంటూ ఉండాలి. కొవ్వు చుక్కలు నిప్పులమీద పడి కాలే పొగలో బెంజోపైరీన్ అనే క్యాన్సర్ కారక రసాయనం ఎక్కువ. యూరప్‌లో పొగబెట్టిన మాంసానికి దాని పరిమితి కిలోకు 2 మైక్రోగ్రాములు.

నైట్రైట్ మానేసి చలిపొగ మాత్రం పెట్టకండి, ప్రాణాలమీదికి వస్తుంది. గాలి ఆడని చోట, గోరువెచ్చని తేమలో బొటులిజం క్రిమి విషం కక్కుతుంది, పైకి వాసన కూడా తేడా రాకపోవచ్చు. నైట్రైట్ ఉప్పు వాడేవాళ్లు ప్యాకెట్ మీది శాతం చదవాలి. 6.25 శాతం నైట్రైట్ ఉన్న రకం కిలో మాంసానికి రెండున్నర గ్రాములే. అర శాతం ఉన్న రకం కూడా అమ్ముతారు, దాని కొలత పూర్తిగా వేరు. చెంచాలతో కొలవొద్దు, గ్రాముల తూకం కావాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

సాయంకాలం_వంట
అందరికీ దండాలు, కానీ నేనడిగింది ఎక్కడో కొట్టుకుపోయింది. ప్యాకెట్ లేబుల్ చూశాను: వేడిపొగ, వండకుండా తినవచ్చు, నైట్రైట్ ఉంది, 100 గ్రాములకు సోడియం 980 మిల్లీగ్రాములు. నొక్కితే గట్టిగానే ఉంది. కూర మాటేమిటి? నాన్న మాటేమిటి? దయచేసి ఎవరైనా ఈ రెండింటికీ జవాబివ్వండి.

లేబుల్_చదువరి
సోడియంను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాముల్లో 2.45 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే వంద గ్రాములు తింటే రోజు కోటాలో సగం ఆ ప్లేటులోనే అయిపోతుంది. బీపీ ఉన్నాయనకు రెండు మూడు పల్చటి ముక్కలు, 25 గ్రాములు అనుకోండి, అంతకు మించొద్దు. మరి ఆ 25 గ్రాముల్లో ఐరన్ ఎంత వస్తుంది? ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. ఐరన్ కోసమని ఇది పెట్టడంలో అర్థం లేదు. తాజా ఫిల్లెట్ తెప్పించండి. అందులో సహజంగా ఉండే సోడియం 100 గ్రాములకు 100 మిల్లీగ్రాముల లోపే, కడుపునిండా పెట్టొచ్చు.

జిమ్_బాబాయ్
తాజాది మంచిదని నేనెప్పుడు కాదన్నాను? మాంసంలోని హీమ్ ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, ఆకుకూరల ఐరన్ కంటే ఎన్నో రెట్లు నయం. తిన్న వెంటనే టీ మాత్రం తాగనివ్వకు.

తెల్లకోటు
టీ అడ్డుపడేది ముఖ్యంగా ఆకుకూరలు, పప్పుల ఐరన్‌కు. హీమ్ ఐరన్‌ను అంతగా ఏమీ చేయదు. డాక్టర్‌ను అడగమన్న మాట మరిచిపోకండమ్మా.

ముక్కల_పులుసు
కూర గురించి నేను చెబుతా, నాకు ఇది తరచూ చేతికొస్తుంది. దీన్ని కూరలో ఉడికించకూడదు, కూర అయ్యాక కలపాలి. ముందు ఫిల్లెట్ మీద వెండిలా మెరిసే పొర ఉంటే కత్తి మొన దూర్చి లాగేయండి, అది ఎంత ఉడికినా నమలబడదు. పీచు ఎటు పోతోందో చూసి దానికి అడ్డంగా, కాగితమంత పల్చగా కోయండి. పీచు వెంబడి కోస్తే నోట్లో దారాలే. ఉల్లిపాయ, టమాటా, మిరియాలతో గ్రేవీ ఉప్పు వేయకుండానే దగ్గరికి రానిచ్చి, పొయ్యి కట్టేసి, ముక్కలు వేసి మూత పెట్టండి. ఆ వేడి చాలు. పది నిమిషాలాగి రుచి చూస్తే ఉప్పు దానంతటదే సరిపోయి ఉంటుంది, పొగ వాసన గ్రేవీ అంతా పడుతుంది. ఉప్పు మరీ ఎక్కువనిపిస్తే ముక్కలు చల్లటి నీళ్లలో అరగంట ఉంచి పిండుకోవచ్చు, కొంత దిగుతుంది, కొంత రుచీ పోతుంది. నాకైతే నిమ్మరసం పిండి చల్లగా తినడమే ఇష్టం.

పొగపొయ్యి
బాగా చెప్పారు. నిలవ గురించి కూడా ఒక మాట. పీహెచ్ ఎక్కువున్న మాంసంలో క్రిములు త్వరగా పెరుగుతాయి, ఉన్న కొద్దిపాటి కొవ్వులో అసంతృప్త కొవ్వు ఎక్కువ కాబట్టి గాలి తగిలితే మక్కిపోతుంది. లేబుల్ మీద గడువు ఎంతైనా ఉండనీయండి, అది విప్పని ప్యాకెట్‌కు. విప్పాక 4 డిగ్రీల లోపు ఉంచి మూడు నాలుగు రోజుల్లో ముగించండి. మిగిలింది ముక్కలు చేసి గాలి తీసి ఫ్రీజర్లో పెట్టండి. జిగురు తగిలినా, పుల్లటి వాసన వచ్చినా పారేయండి.

సాయంకాలం_వంట
ఇప్పుడు తేలిగ్గా ఉంది. నాన్నకు రేపు ఉప్పు లేని గ్రేవీతో రెండు ముక్కలు, మిగిలింది మాకు. డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, రక్తం పోతోందేమో అన్న ప్రశ్న కాగితం మీద రాసి పెట్టుకున్నాను. తాజా ఫిల్లెట్ దొరికితే మళ్లీ వస్తా, దాన్ని ఎలా వండాలో అప్పుడు చెబుదురుగాని.

వేడివేడిగా
తాజాది వండేటప్పుడైనా 74 మరిచిపోకండి.

ముక్కల_పులుసు
74 దాకా తీసుకెళ్తే ఫిల్లెట్ నమలలేరు. కొత్త చర్చ తెరవండి, అక్కడ మాట్లాడుకుందాం.