చక్రం నీళ్ళలో పడే పద్యం: కళంకమా, కలంకమా, కలంకుమా?

చంపావతి (విజయనగరం):
ఇంట్లో పిల్లలు సూపర్‌మ్యాన్ సినిమా మ్యాన్ ఆఫ్ స్టీల్ (2013) పెట్టారు. క్లైమాక్స్‌లో మెట్రోపోలిస్ మేడలు వరసగా కూలుతుంటే మా గుంటడు "అమ్మా, లోపలున్నోళ్ళు ఏటయ్యారు?" అన్నాడు. సినిమా దానికి జవాబు చెప్పలేదు. నాకేమో పోతన్న తగులుకున్నాడు. గజేంద్రమోక్షంలో విష్ణుచక్రం కొలనులోకి దిగే పద్యం: "నీటన్ గుభుల్ గుంభద్ధ్వానముతో గొలంకును కళంకం బొందఁగాఁ జొచ్చి..." ఆ తర్వాత "దుష్టాంభోవర్తి" వస్తుంది, నీళ్ళలో ఉండే దుష్టుడు, అంటే మొసలి, అక్కడికి సరే. "కళంకం" దగ్గరే నాలుక ఆగిపోతోంది. ఏనుగును కాపాడటానికి వెళ్ళిన చక్రం కొలనికి మచ్చ తెచ్చిందని పోతన్న అంటాడా?

నాగావళి (శ్రీకాకుళం):
ళ కాదు, ల. "కొలంకు" పక్కన "కలంకం" పడితేనే ఆ మోత వస్తుంది. మన రెండు జిల్లాల నోళ్ళలో ళ ఎప్పుడో ల అయిపోయింది. "కల్లు" అంటే చూసేవో తాగేదో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే.

రాజాం మాస్టారు:
ల సరే. పేచీ తర్వాతి అక్షరంలో ఉంది. అది "కం" కాదమ్మా, "కుం". శార్దూలం, పదమూడో అక్షరం యతి, అది పాదం మొదటి అక్షరంతో కుదరాలి. పాదం "గుంభద్ధ్వానము" దగ్గర మొదలవుతుంది, మొదట "గుం" ఉంది కదా. "కం" పెడితే హల్లు కుదిరి అచ్చు తప్పుతుంది. పోతన్న అలా తప్పడు. "కలంకుం బొందఁగాఁ జొచ్చి దుష్టాంభోవర్తి వసించు చక్కటికి డాయంబోయి" అని చదవండి. కలంకు, కలక, కలగడం. అచ్చతెలుగు మాట. నీళ్ళు కలక బారాయి, అంతే. కళంకానికి అక్కడ పనే లేదు.

బొబ్బిలి వీణ:
మాస్టారూ, యతి అక్షరాన్నయితే తేల్చింది గానీ అర్థాన్ని తేల్చలేదు. కలంకు అంటే బురద రేగడమేనా, కలత కూడానా? కొలను కలత పడిందంటే నీళ్ళతో పాటు అందులో ఉన్న చేపలూ తాబేళ్ళూ కూడా పడ్డట్టే. ఏనుగూ మొసలీ వెయ్యేళ్ళు ఒకదాన్నొకటి ఈడ్చుకుంటుంటే వాటి గోడు అడిగినవాడు లేడు. చంపావతి వాళ్ళబ్బాయి అడిగింది కూడా ఇదేగా.

టెక్కలి తమ్ముడు:
నాకు ఛందస్సు రాదు, సినిమాలు వచ్చు. నా ఓటు "డాయంబోయి"కి. దుష్టుడు ఉన్న చోటికే దగ్గరగా పోయింది చక్రం, దారిలో దేన్నీ నరకలేదు. 2013లో సూపర్‌మ్యాన్, విలన్ జాడ్ కొట్టుకుంటూ మేడల్లోంచి దూసుకుపోతుంటే మేడలు ఖాళీయేమో అనిపించేటట్టు తీశారు. 1980 నాటి సూపర్‌మ్యాన్ 2లో అదే జాడ్ వస్తే, జనం మధ్య పోరు పెరిగేసరికి హీరో ఊరు వదిలి ఎగిరిపోతాడు. పారిపోయాడనుకుంటారు జనం. నిజానికి శత్రువుని మంచు ఎడారికి లాక్కుపోవడానికి వెళ్ళాడు. నాకైతే అదే పెద్ద వీరత్వం. పిరికివాడన్న మాట పడటానికి కూడా సిద్ధపడ్డాడు మరి.
2013 సినిమా మీద గోల గోల అయ్యాక, 2016లో తర్వాతి సినిమాని అదే విధ్వంసంతో, ఈసారి నేల మీద నుంచి మొదలుపెట్టారు. బ్రూస్ వేన్ (బ్యాట్‌మ్యాన్) ఆ దుమ్ములోకి పరిగెడతాడు. పైనుంచి చూస్తే గ్రాఫిక్స్, కిందనుంచి చూస్తే కలంకు.

రాజాం మాస్టారు:
బాగా చెప్పావు తమ్ముడూ. కానీ పోతన్నని మరీ అమాయకుణ్ణి చేయకు. చక్రాన్ని పంపే పద్యం చూడు: "సత్వరితాకంపిత భూమిచక్రము", ఆ వేగానికి భూమి అదిరింది. "మహోద్యద్విస్ఫులింగచ్ఛటా", నిప్పురవ్వలు ఆకాశమంతా. ఆయనకీ ఆ సరదా ఉంది! అదిరింది అన్నాడు, కూలింది అనలేదు. ఆ విశేషణాల వరస చివర "పాలితాఖిల సుధాంధశ్చక్రము" అని పెట్టాడు, దేవతల గుంపునంతా కాపాడేది అని. హడావిడి అంతా చేసి కాపాడటం దగ్గర ఆపాడు.

చంపావతి:
మాస్టారూ, ఆ మాట ఆయన ముందే "సిరికిం జెప్పఁడు" పద్యంలో చెప్పేశాడు కదా, "గజప్రాణావనోత్సాహియై" అని. వీరరసానికి స్థాయి, అంటే మూలభావం, ఉత్సాహం. దేనిమీద ఉత్సాహం? ఏనుగు ప్రాణం కాపాడటం మీద. మొసలిని చంపడం మీద అనలేదు. భరతుడు దాన, ధర్మ, యుద్ధ వీరాలు మూడే అంటే, విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దయావీరం చేర్చి నాలుగు చేశాడు. ఈ సినిమాలు దయావీరం కథ మొదలుపెట్టి క్లైమాక్స్‌కి వచ్చేసరికి యుద్ధవీరంలోకి జారిపోతాయి.
(శ్రీనాథుడూ, బావీ, రాయీ కథ ఎవరూ ఎత్తొద్దు. అందరికీ వచ్చు.)

నాగావళి:
ఎత్తను. ఆ "సిరికిం జెప్పఁడు" పక్క పద్యం ఎవరూ పట్టించుకోరేం? "తన వెంటన్ సిరి, లచ్చి వెంట నవరోధవ్రాతమున్..." ఆ వరసలో ముందు లక్ష్మి, తర్వాత అంతఃపురం, తర్వాత గరుడుడు, ఆయన పక్కన శంఖచక్రాలు. ఆయుధాలు ఎంత వెనకో చూడండి. చివరికి "వైకుంఠపురంబునం గలుగువా రాబాలగోపాలమున్". ఊరంతా హీరో వెనక పరిగెత్తింది! సినిమాల్లో హీరో వచ్చాడంటే ఊరు పారిపోతుంది.

టెక్కలి తమ్ముడు:
అన్నీ అలా కాదక్కా. స్పైడర్‌మ్యాన్ 2 (2004)లో రైలు ఆపే సీను చూడు. ముసుగు లేదు, బట్టలు చిరిగిపోయాయి, ఒళ్ళు హూనం. ఆపాక స్పృహ తప్పితే ప్రయాణికులే చేతుల మీదుగా లోపలికి చేరవేస్తారు. ఇద్దరు పిల్లలు ముసుగు తెచ్చిచ్చి, ఎవరికీ చెప్పం అంటారు. శత్రువు మళ్ళీ వస్తే జనం అడ్డం నిలబడతారు. మీ ఆబాలగోపాలం అదే.
2015లో ఏజ్ ఆఫ్ అల్ట్రాన్‌లో కూడా ఊరు గాల్లోకి లేచిపోతుంటే జనాన్ని దింపడమే సగం క్లైమాక్స్. అయినా ఊరు మిగల్లేదనుకో.

బొబ్బిలి వీణ:
అంత దూరం ఎందుకు, మన బొబ్బిలి కోట దగ్గరికి రండి. 1757 జనవరి 24. పైన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. లోపల ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువు చేతికి చిక్కకూడదని మనవాళ్ళే చంపేశారు. పాటలో అది వీరం. నాకు మాత్రం ఆ చోటు వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ తన చరిత్రలో ఒక ముసలాయన గురించి రాశాడు. మన రాజు రంగారావు కొడుకుని దాచి, అంతా అయ్యాక ఫ్రెంచి అధికారి లా దగ్గరికి నడిపించుకొచ్చాడు, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా కాపాడానని చెప్పి మరీ. గజప్రాణావనోత్సాహి అంటే నాకు ఆయనే.

రాజాం మాస్టారు:
మరి మా పాపారాయుడు?

బొబ్బిలి వీణ:
మీ పాపారాయుడు రాజాంలో ఉన్నాడు మాస్టారూ, కోట పడేటప్పుడు. తర్వాత డేరాలో దూరి, బుస్సీ పక్షాన ఉన్న విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచాడు. "దుష్టాంభోవర్తి వసించు చక్కటికి డాయంబోయి" దాకా సరిపోయింది, "ప్రాణావన" దగ్గరే కుదరలేదు. అప్పటికి కాపాడటానికి ఎవరూ మిగల్లేదు.

చంపావతి:
ఆ "దుష్ట" మా రాజుకి తగిలించావా అక్కా! ఇక్కడ కోట పక్కనే ఉంటున్నాం, కాస్త చూసుకుని మాట్లాడు. 1794లో పద్మనాభంలో కుంపిణీ వాళ్ళ చేతిలో చిన విజయరామరాజు పోయాడు. ఆ లెక్క అక్కడితో సరి.

నాగావళి:
కోటలు దిగండి ఇద్దరూ. నాకు ఇంకో అనుమానం. "గుభుల్" సరే, నూతిలో బిందె పడ్డా అదే చప్పుడు. దాని పక్కన "గుంభత్" ఏమిటి? "ధ్వానము"తో సమాసం చేశాడంటే సంస్కృతం అయి ఉండాలి. ఏ ధాతువు? నా వాదన: ధాతువూ లేదు, ఏమీ లేదు. గుభుల్ మోతనే సంస్కృతం వేషం వేసి నిలబెట్టాడు.

రాజాం మాస్టారు:
వేషం అంటావేమిటి! శత్రంతం అది, సంస్కృతంలో "చేస్తూ" లాంటి అర్థమిచ్చే రూపం. ప్రాస చూడు, నాలుగు పాదాల్లోనూ "ంభ" కావాలి. అంభో, రంభుం, గుంభ, ష్టాంభో. ప్రాస కోసం ధాతువుని పుట్టించేవాడు కాదు పోతన్న.

నాగావళి:
ప్రాస కోసమే పుట్టించాడని మీరే ఒప్పుకున్నట్టుంది మాస్టారూ.

టెక్కలి తమ్ముడు:
మరి కలంకు అంటే బురదా, కలతా? పాపం వీణక్క పొద్దున్న అడిగింది.

రాజాం మాస్టారు:
ఉండు తమ్ముడూ, ముందు గుంభత్ తేలనీ.