పిజ్జా పైన మాడుతోంది, అడుగు పచ్చిగా ఉంటోంది: పెరటి ఓవెన్‌లో లోపం ఎక్కడ?

పెరటిపొయ్యి:
కట్టెల ఓవెన్ కట్టాం. లోపలి వ్యాసం 36 అంగుళాలు, గోపురం ఎత్తు 18, నోటి ఎత్తు 11.5. అంతా 230×115×75 మి.మీ. ఫైర్ బ్రిక్సే (వేడిని తట్టుకునే ఇటుకలు). అడుగు ఇటుకల్ని 4 అంగుళాల కాంక్రీటు స్లాబు మీద పల్చగా ఇసుక పోసి, సిమెంటు లేకుండా బల్లపరుపుగా పరిచాం. గోపురం వాటి చుట్టూ స్లాబు మీదే లేచింది. బయట ఇంకా ఏ పొరా వేయలేదు. రెండు గంటలు సరుగుడు కట్టెలు మండిస్తే గోపురం 450 డిగ్రీలు చూపిస్తోంది, అడుగు 230 దాటట్లేదు. రెండో పిజ్జాకి ఇంకా పడిపోతోంది. గోపురంలో నిలువుగా రెండు పగుళ్లు కూడా వచ్చాయి. అడుగున ఇంకో వరస ఇటుక పరిస్తే సరిపోతుందా?

ఇటుకబట్టీ:
వద్దండీ. ఇంకో వరస వేస్తే వేడెక్కాల్సిన బరువు పెరుగుతుంది, నోరు చిన్నదవుతుంది, వేడి స్లాబులోకి దిగిపోవడం మాత్రం ఆగదు. ఇటుకల కింద ఇన్సులేషన్ లేదు, అసలు లోపం అదే. మంట ఆపాక స్లాబు కింద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే మీ కట్టెల వేడి అక్కడికి పోతున్నట్టే.

సిమెంటు పెట్టకపోవడం మంచిదైంది, గోపురం ముట్టకుండా అడుగు ఇటుకలు తీసేయొచ్చు. స్లాబు మీద వేడిని ఆపే 50 మి.మీ. కాల్షియం సిలికేట్ బోర్డు పరవండి. దాని మీద ఫైర్ క్లే (వేడిని తట్టుకునే బంకమట్టి), ఇసుక సమంగా కలిపిన పొడి పల్చగా చల్లి మట్టం చేసి, 38 మి.మీ. మందం ఫైర్ బ్రిక్ టైల్స్ పేర్చండి. పాత 75 స్థానంలో బోర్డు, టైలు కలిపి 88, అంటే నేల పైకి వచ్చేది అర అంగుళమే. పాత ఇటుకల్నే బోర్డు మీద పెడితే నోరు 9.5 అంగుళాలకు కుంచించుకుపోతుంది. వరసలు నోటికి ఏటవాలుగా పేర్చండి, పిజ్జా తీసే పార అంచు ఇటుకల సందుల్లో తగులుకోదు. పల్చటి నేల బ్రెడ్డుకు వేడి ఎక్కువసేపు నిలపదు గానీ పిజ్జాకి త్వరగా సిద్ధమవుతుంది.

పెరటిపొయ్యి:
బోర్డు బదులు సిరామిక్ ఫైబర్ దుప్పటి వేయొచ్చా అండీ? అది సులువుగా దొరుకుతోంది.

ఇటుకబట్టీ:
నేల కింద వద్దు, బరువుకు నలిగి ఇటుకలు ఎగుడుదిగుడవుతాయి. దాని చోటు గోపురం మీద: 25 మి.మీ. మందం, ఘనపు మీటరుకు 128 కిలోల సాంద్రతది రెండు పొరలు. 7.3 మీటర్ల రోలు ఒకటి మీ సైజుకి దాదాపు సరిపోతుంది. కోసేటప్పుడు మాస్కు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

సరుగుడుమోపు:
పగుళ్ల సంగతి. వెంట్రుకవాసి అయితే వదిలేయండి, వేడికి ఇటుక సాగుతుంది. 3 మి.మీ. దాటితే ఇసుక 3, సిమెంటు 1, సున్నం 1, ఫైర్ క్లే 1 పాళ్లలో కలిపి లోపలి నుంచి కూరండి. సిమెంటు-ఇసుక ఒక్కటే వద్దు, 400 దాటాక సిమెంటు పట్టు వదిలి రాలుతుంది.

మొదటిసారే పెద్ద మంట వేసినట్టున్నారు. ఇటుకల మధ్య గచ్చులో మిగిలిన నీరు ఒక్కసారిగా ఆవిరై దారి చేసుకుంటుంది. ఈసారి రిపేరు అయ్యాక వారం ఆగి, మొదటి రోజు 100 డిగ్రీల్లో నాలుగైదు గంటలు, తర్వాత రోజుకో 50 పెంచుతూ వెళ్లండి. దుప్పటి కప్పేది ఆ తర్వాతే. దాని మీద కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీ చుట్టి వర్మిక్యులైట్ (వేడిని ఆపే తేలికైన ఖనిజపు పలుకులు) 5 పాళ్లకు సిమెంటు 1 కలిపి అంగుళంన్నర పూయండి. మళ్లీ ఆరాకే పైపూత. వానకాలానికి ముందే పైన రేకు వేయించండి. దుప్పటి తడిస్తే ఆరేదాకా కట్టెలు తగలేయడమే.

కాల్చే పద్ధతి కూడా మార్చండి. గోపురం మసి కాలిపోయి తెల్లబడ్డాక నిప్పుల్ని నేలంతా పరిచి 20 నిమిషాలు ఉంచండి. తర్వాత ఒక పక్కకు నెట్టి, బూడిద ఊడ్చి, 10 నిమిషాలు ఆగి నేల కొలవండి. 350 ఉంటే రెండు నిమిషాల్లో దిగుతుంది, 400 ఉంటే ఒకటిన్నరలో. పిండిలో చక్కెర మానేయండి, ఆ వేడికి అడుగు ముందే నల్లబడుతుంది.