తొమ్మిది మందిలో ఇద్దరు టెన్త్ తప్పితే బడి బాగోలేనట్టా?

తీరంబడి (గార వైపు): మా ఉన్నత పాఠశాలలో టెన్త్ రాసినవాళ్లు తొమ్మిది మంది. ఇద్దరు తప్పారు. అంటే 77.8 శాతం పాసయ్యారు. జిల్లా సగటు కన్నా తక్కువని సంజాయిషీ అడిగారు. పక్క మండలంలో 140 మంది రాసి 21 మంది తప్పిన బడికి 85 శాతమని మెచ్చుకోలు. సంజాయిషీలో ఏటి రాయమంటారు?

బొబ్బిలి లెక్కల టీచర్: మాస్టారూ, మీ దగ్గర ఒక్క పిల్లాడి బరువు 11 శాతం. చిన్న బడికి ఒక్క ఏడాది శాతం చూడకూడదు, మూడేళ్లు కలిపి చూడమనండి. ఆ మూడేళ్ల మార్కుల జాబితా జత చేయండి.

చీపురుపల్లి మేడమ్: నేనైతే అసలు ఎంతమందితో భాగిస్తున్నారని అడుగుతాను. రాసినవాళ్లనే లెక్కపెడితే, చదవలేని పిల్లకి తొమ్మిదో తరగతిలోనే టీసీ ఇచ్చిన బడి నూరు శాతం కొడుతుంది. రాయనివాడు ఫెయిలవ్వడు కదా! తొమ్మిదో తరగతి రిజిస్టరు నుంచి లెక్కపెడితే తెలుస్తుంది ఎవరు బాగున్నారో.

తీరంబడి: తప్పిన ఇద్దరిలో ఒకడి అమ్మానాన్నలు చేపల వేట పనికి గుజరాత్‌లోని వీరావల్ వెళ్లిపోయారు. వాడు నాయనమ్మ దగ్గరుండి, సగం రోజులు రాలేదు.

రాజాం తండ్రి: అన్నీ సాకులేనండి. మా అమ్మాయి లెక్కల్లో తప్పింది. ఏడాదంతా లెక్కల మాస్టారే లేరు. ఆ ఖాళీకి ఎవరికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు?

బొబ్బిలి లెక్కల టీచర్: మీ మాటే మా మాటండి. ఫలితం పక్కనే ఖాళీ పోస్టులూ రాయాలి.

సీతంపేట టీచర్: ఇంట్లో సవర మాట్లాడే పిల్ల ఎక్కడ మొదలెట్టిందో చూడకుండా, ఎక్కడ ఆగిందో చూస్తే లాభం లేదు. ఆరులో చేరినప్పుడు చదివించి రాసిపెట్టుకుంటే ఎదుగుదల తెలుస్తుంది. కానీ గిరిజన పిల్లలు కాబట్టి తక్కువే అనకండి. మన్యం జిల్లా 2023, 2024, 2025 మూడేళ్లూ టెన్త్‌లో రాష్ట్రంలో మొదటిది.

పలాస గుమస్తా: కొందరు నాస్ (పిల్లల చదువు మీద దేశమంతా చేసే) సర్వే చూపించి బడిని తిడుతుంటారు. అది కొన్ని బడుల్ని ఎంచుకుని జిల్లా పరిస్థితి చెప్పేది. మీ బడికి మార్కులేసేది కాదు.

తీరంబడి: సరే, మూడేళ్ల జాబితా, తొమ్మిదో తరగతి లెక్క, ఖాళీలు పెడతాను. వేటకెళ్లిన కుటుంబాల పిల్లల హాజరు వేరుగా చూపించాలా, అందరితో కలిపేనా?

చీపురుపల్లి మేడమ్: వేరుగానే. కలిపితే ఎవరికీ కనబడదు.